ఒడ్డు

బోత్నియా అఖాతం మూతి దగ్గర
నది గడ్డకట్టి పన్నెండో వారం.
మధ్యాహ్నం మూడింటికే చీకటి.
ఉన్ని మేజోళ్ళ కాళ్ళు రెండూ హీటరుకి ఆనించి
ఇర్యా కల్లుంకి
తౌనో హర్యూలా పేజీ తెరుస్తుంది,
ఎవరైనా ఏదైనా రాయగల ఆ విజ్ఞాన సర్వస్వంలో.

ముప్పై ఏళ్ళు కోర్టులో
సాక్షులు చెప్పింది చెప్పినట్టు రాసిన చేతులు.
వెక్కి వెక్కి ఏడిస్తే
"సాక్షి కాసేపు ఆగింది" అని మాత్రమే రాసిన చేతులు.

రాత్రి ఎవరో
"ఊరి గొంతు కోసిన మంత్రి" అని రాసిపోయారు.
తీసేసింది.
పొద్దున ఇంకెవరో
"దూరదృష్టి గల సంస్కర్త" అని అతికించారు.
ఇంగువ కట్టిన గుడ్డ, వాసన దాగదు,
పార్టీ ఆఫీసు పనే.
అదీ తీసేసింది.
మిగిలింది ఇంతే:
"కాగితం మిల్లు మూసివేత ఉత్తర్వు మీద సంతకం హర్యూలాది.
తొమ్మిది వందల ముప్పై ఒక్క ఉద్యోగాలు పోయాయి."
పక్కన చిన్న అంకె, నాలుగు.
ఏ పత్రిక, ఏ తేదీ, ఎన్నో పుట.

ఆ ముప్పై ఒకటిలో చివరి ఒకటి
ఓయ్వా అనుకోవచ్చు.
మూడో నంబరు యంత్రం దగ్గర ఇరవై ఆరేళ్ళు,
తర్వాత వంటింటి బల్ల దగ్గర ఆరేళ్ళు,
ఒకే కుర్చీ, ఒకే కిటికీ.
మాట్లాడ్డం ఎప్పుడు మానేశాడో
పెళ్ళానికే తేదీ తెలీదు.
తేదీ తెలియనిది రాయకూడదు.
"నా భర్త ఆ మిల్లులో పనిచేశారు" అని
తన పేరు కింద తనే రాసి పెట్టుకుంది,
రేపెవరూ వేలెత్తి చూపకుండా.
అయినా చూపారు.

వాళ్ళ భాషలో మనిషికి ఒకటే మాట, హన్.
ఆడా మగా, మంత్రీ కూలీ, అందరికీ అదే.
చిక్కంతా ఈ కథ చెబుతున్న నాకు.
"వాడు" అంటే ఓయ్వా పక్షం.
"ఆయన" అంటే పార్టీ ఆఫీసు పక్షం.
"అతను" అని నడిమెట్టు మీద కూర్చుంటే
గోడ మీద పిల్లినంటారు.
అందుకే చూడండి, ఇందాకట్నించీ
పేరు చాటునే నడుస్తున్నాను.

మొగ్గులేనితనానికి మనం పెట్టుకున్న పేరు తటస్థం.
తటం మీద నిలబడ్డం.
కానీ ఇక్కడ, ఈ జనవరిలో
నదికీ నేలకీ ఒకటే తెలుపు.
స్కీలేసుకున్న పిల్లలు
ఒడ్డు దాటామని తెలియకుండానే దాటేస్తారు.

ఓయ్వాని పూడ్చిన రోజు
చర్చిలో ఆఖరి బెంచీ మీద హర్యూలా.
ఫోటోలు తీసేవాళ్ళు లేరు, కారు వీధి మొదట్లోనే.
గొయ్యి దగ్గర ఎవరి చేతిలోదో పార అందుకుని
పది నిమిషాలు మట్టి తోసి
మాట్లాడకుండా వెళ్ళిపోవడం.
పదిమంది చూశారు.
ఏ పత్రికా రాయలేదు.

కసిని ఆపడం తేలికే, ఇర్యాకి అలవాటైపోయింది.
ఈ పార సంగతే
అప్పుడప్పుడూ వేలికొసల దాకా వస్తుంది.
టైపు చేస్తుంది. చూస్తుంది.
పక్కన వేయడానికి అంకె లేదు.
చెరిపేస్తుంది.

మే నెల, చీకటి పూర్తిగా పడని రాత్రి,
పక్కింటి సైమీ ఫోను:
"ఆసుపత్రిలో మా కోడలు చూసిందట.
హర్యూలా పోయినట్టే."
పేజీ తెరిచేసరికి
ఎవరో అప్పుడే తేదీ వేసేశారు,
క్రియలన్నీ భూతకాలంలోకి తోసేశారు.

ఇర్యా చాలాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.
తర్వాత "మూలం లేదు" అని రాసి
ఒక్కొక్క క్రియనీ వెనక్కి తెచ్చింది.

ఆ రాత్రంతా హర్యూలా ఆ పేజీలో
బతికే ఉండటం ఆమె చలవే.
బయట నది పలకలు పలకలుగా విరిగి
అఖాతంలోకి కదులుతోంది.
ఐదున్నరకి తలుపు సందులోంచి
పేపరు పడిన చప్పుడు.
లేచి, కళ్ళద్దాల కోసం
బల్లంతా తడుముకుంది.